బుడ్డిదాని కడుపులో ఊరు

రోజు 203

ఈ పూట అరవై ఒక్క బకెట్లు వచ్చాయి, రావలసినవి అరవై రెండు. ముప్పై నాలుగో ఇంటివాళ్ళు మళ్ళీ మరిచిపోయారు. పెంటగదిలో రోజూ చిట్టా రాయమని ఊరి సంఘం ఒక పుస్తకం ఇచ్చింది గాని ఏం రాయాలో చెప్పలేదు. కనుక నాకు తోచింది రాస్తాను. చదివేవాళ్ళెవరైనా ఉంటే ముక్కు మూసుకుని చదువుకోవచ్చు.

నా పేరు సంజమ్మ. మా దిగువపల్లెలో మూడు వందల పన్నెండు మందిమి నేల కింద ఉంటాం. అందరి కడుపుల్లోంచి వచ్చేదంతా నా గదికి వస్తుంది. ఇక్కడ మాగి, మట్టిలో కలిసి, రాగిమళ్ళకు పోతుంది. అక్కణ్ణుంచి సంగటి అయి మళ్ళీ ఆ కడుపుల్లోకే చేరుతుంది. అంగారకుడి మీద ఎర్రమట్టికి కొదవ లేదు గాని అందులో ప్రాణమున్నది ఏదీ లేదు, అది మా బకెట్లలోంచే రావాలి. పైన వాన పడదు. మా ముత్తాతలు అనంతపురం నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి ఆ విషయంలో ఎవరూ పెద్దగా బెంగపడలేదు.

బకెట్టు చూసి ఇల్లు చెప్పగలను. ఎవరింట్లో కారం ఎక్కువైందో, ఎవరు అలిగి రెండు రోజులు అన్నం మానేశారో నాకు తెలిసినంతగా వాళ్ళ అత్తగార్లకు కూడా తెలియదు.

ఈ రోజు అనుమానం పన్నెండో ఇంటి మీద. అది హనుమక్క ఇల్లు. ఆమె కోడలు వన్నూరమ్మకు నాలుగు నెలల కూతురుంది. పేరు పెట్టారు గాని ఎవరూ ఆ పేరుతో పిలవరు, ఊరంతటికీ బుడ్డి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ గుడ్డలు పసుపుపచ్చగా, కొంచెం పులిసిన వాసనతో ఉండాలి. బుడ్డి గుడ్డలు ముదురాకుపచ్చగా ఉన్నాయి, వాసన పెద్దవాళ్ళది. నీలం లిట్మస్ కాగితం అద్ది చూశాను. పులుపుంటే ఎర్రబడాలి, నీలంగానే ఉండిపోయింది. ఏదో తిని ఉంటుందిలే అనుకుని గుడ్డలు ఉడకేశాను. నాలుగు నెలల పిల్ల ఏం తింటుందన్న ఆలోచన ఇప్పుడు రాస్తుంటే వస్తోంది.

రోజు 210

ఈ రోజు తూకం. ముప్పై రోజులకోసారి ఊళ్ళో ఉన్నదంతా తూస్తాం. మనుషులు, ధాన్యం, నీళ్ళు, నా గదిలో ఉన్నది, అన్నీ కలిపితే ఎప్పుడూ ఒకే అంకె రావాలి. రాకపోతే గాలో నీరో ఎక్కడో కారిపోతున్నట్టు లెక్క. పసిపిల్లల తూకం చివరికి పెట్టుకుంటాం, ఎందుకంటే అది పండగ. మొదటి తరంలో పిల్లలు ఎండిపోయి ఉండేవారు. అందుకని ఏ బిడ్డ ఎక్కువ బరువు పెరిగితే ఆ ఇంటివాళ్ళకు ముందు వరసలో చోటు, పాయసంలో మొదటి గరిటె.

వరసగా మూడోసారి బుడ్డే గెలిచింది. హనుమక్క వంటసాలకు పెద్ద. ఆమె మనసు మంచిదే, చెయ్యి కూడా మంచిదే, నోటితోనే చిక్కు. మూడేసి మడతలు పడ్డ చేతుల మనవరాలిని చంకనేసుకుని వరసల మధ్య రెండుసార్లు తిరిగింది. తర్వాత లింగేశ్వరి కొడుకును తూచారు. వాడు బుడ్డి కంటే పది రోజులు చిన్న, పెరిగింది అందరికంటే తక్కువ.

"తల్లి పాలన్నీ యాడికి పోతాండాయో యేమో, పిల్లోడు గాదు పుల్లోడు, పుల్ల మాదిరే ఉండాడు" అంది హనుమక్క. జనం నవ్వారు. నేనూ నవ్వాను, అది కూడా ఇక్కడ రాసి పెట్టడం న్యాయం.

లింగేశ్వరి నవ్వలేదు. ఆ పిల్ల కొండకవతలి ఊరి నుంచి కోడలుగా వచ్చింది. అత్తామామలు లేరు, మొగుడికి మంచుబావి దగ్గర పని. నెలలు నిండుతుండగా అతణ్ణి చూడటానికి పోయింది, దుమ్ముగాలి లేచి దారి మూసుకుపోయింది. కాన్పు అక్కడే అయింది, నలభై రోజులు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చాక కొడుక్కి చుక్కలు పోయించాలనుకుంది గాని, చుక్క పోయవలసింది చుట్టాలు, ఆమెకు ఇక్కడ చుట్టాలెవరూ లేరు.

చుక్క అంటే యాంటీబయాటిక్ మందు. వెనకటికి మా ఊళ్ళో పసిబిడ్డలు జ్వరాలొచ్చి పోయారు. ఆ భయంతో, జబ్బున్నా లేకపోయినా పుట్టిన ఏడో రోజు ప్రతి బిడ్డ నోట్లో డాక్టరు కొంచెం మందు వేసేవాడు. కొన్నాళ్ళకు మేనమామ తానూ ఒక చుక్క పోస్తానన్నాడు. మేనమామ పోస్తే పెదనాన్న ఊరుకుంటాడా? ఇప్పుడు ఎంతమంది చుట్టాలుంటే అన్ని చుక్కలు, అదీ అన్నప్రాసన దాకా నెలనెలా. కుర్చీలు వేసి, వరస కట్టి, ఒక్కొక్కరూ వెండి చెంచాతో దీవించి పోస్తారు. హనుమక్క చుట్టాలు ఇరవై ముగ్గురు. వాళ్ళలో ఒక్కరూ ఒక్క నెలా మానలేదు.

రోజు 216

ఈ ఏడు ఊళ్ళో చంటిపిల్లలు ఐదుగురు. ఐదుగురి గుడ్డలకూ వారం రోజులు కాగితం అద్దాను. నలుగురివి నీలంగానే ఉన్నాయి, ఒకరిది రోజూ ఎర్రబడింది. కాగితాలు పాడైపోయాయేమోనని నిమ్మరసంలో ముంచి చూశాను, బాగానే ఉన్నాయి. ఎర్రబడింది లింగేశ్వరి కొడుకుది.

నా ముత్తాత అనంతపురంలో కోళ్ళఫారంలో పనిచేశాడట. దాణాలో ఇలాంటి మందే చిటికెడు కలిపితే ఏ జబ్బూ లేని కోడి కూడా తొందరగా బరువెక్కేదని మా తాత చెప్పేవాడు. ఎందుకట్లా అని అడిగితే, కోడికే తెలియదు, నాకేం తెలుసనేవాడు. కోడి గుర్తొచ్చిన వెంటనే బుడ్డి చేతి మడతలు గుర్తొచ్చాయి. చేతులు కడుక్కుని నేరుగా డాక్టరు దగ్గరికి పోయాను.

డాక్టరు రఫీకి ముప్పై ఏళ్ళు లేవు. వాడు పుట్టినప్పుడు గుడ్డలు ఉడికించింది నేనే, కాబట్టి నా ముందు గొప్పలకు పోడు. చంటిబిడ్డకు ఆ మందు ఒక్క విడతకు ఎన్ని చుక్కలని అడిగాను. ఆరు అన్నాడు. బుడ్డికి ఇరవై మూడు పడుతున్నాయన్నాను. అవి నీళ్ళు కలిపినవి కదా అన్నాడు. ఎవరు కలిపారని అడిగాను. చుట్టాలే ఇంట్లో కలుపుకుని తెస్తారని ఇన్నాళ్ళూ వాడు అనుకుంటున్నాడు. డాక్టరే కలిపి ఇస్తాడని చుట్టాలు అనుకుంటున్నారు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మా అమ్మ ఊరికే అనలేదు. పెద్దవాళ్ళ ముందు నోరెత్తి అడగడానికి మొహమాటపడ్డాడట.

వాణ్ణి తిట్టాను. తర్వాత ఐదుగురి గుడ్డలూ ఐదు డబ్బాల్లో పెట్టి చేతికిచ్చాను.

రోజు 219

రఫీ మూడు రోజులు ఆ డబ్బాలతోనే కూర్చున్నాడు. ఈ పొద్దున నా గదికి వచ్చి, ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా బల్ల మీద కూర్చున్నాడంటే విషయం పెద్దదేనని తెలిసింది.

"కడుపులో కంటికి ఆనని జీవాల ఊరొకటుంటాదత్తా," అన్నాడు. "తల్లి పాలల్లో బిడ్డకు అరగని చక్కెర ఒకటుంటాది. అది బిడ్డకు గాదు, ఆ ఊరోళ్ళకు. వాళ్ళు దాన్ని తిని పులుపు చేస్తారు, పేగును కాపాడతారు. తిన్నదాంట్లో యెంత వాడుకోవల్ల, యెంత దాచుకోవల్ల అనేది ఒంటికి నేర్పేది గూడా వాళ్ళే. చుక్కలన్నీ పడి బుడ్డి కడుపులో ఆ ఊరు ఖాళీ. దాని ఒంటికి దాచుకునేదొక్కటే వచ్చు."

మిగతా ముగ్గురికీ చుట్టాలు తక్కువ, చుక్కలు తక్కువ. వాళ్ళ కడుపుల్లో ఆ జీవులు కొన్ని మిగిలాయి, చుక్కలు ఆపితే వాటంతటవే కోలుకోవచ్చట. బుడ్డికి ఒక్కటీ మిగల్లేదు. తల్లి నుంచి రావాలంటే వన్నూరమ్మ కూడా చుక్కలతో పెరిగినదే, ఆమె దగ్గరా లేవు. లావుకు ఒక్క మందే కారణమని ఖాయంగా చెప్పలేనని, తిండీ వంశమూ కూడా ఉంటాయని రఫీ అన్నాడు. కానీ ఒళ్ళు ఈ పాఠం నేర్చుకునేది తొలి నెలల్లోనేనట. అన్నం మొదలైతే కడుపులో వేరే జనం చేరి స్థిరపడిపోతారు. తర్వాత ఎన్ని జీవుల్ని తెచ్చి పోసినా ఒళ్ళు పాత పాఠమే అప్పజెప్పవచ్చు. పెద్దయ్యాక చక్కెర జబ్బు, కాలేయానికి కొవ్వు, ఇంకా ఏవేవో చెప్పాడు. ఈ ఊళ్ళో వాటికి వైద్యం చేసేందుకు ఉన్నది కూడా ఆ రఫీ ఒక్కడే.

అంటే అన్నప్రాసన లోపల పని కావాలి. ఇంకా రెండు నెలలుంది కదా అన్నాను. అప్పుడు చెప్పాడు, పిల్ల అంత బాగా ఎదిగింది కాబట్టి హనుమక్క ముహూర్తం ముందుకు జరిపించిందని. రోజు 245కి.

విత్తనం ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఊళ్ళో అందరూ నవ్విన పుల్లోడి కడుపులో.

రోజు 222

ఎర్ర కాగితాలు పుస్తకంలో అతికిస్తుండగా లింగేశ్వరి వచ్చింది. కొడుకును కొంగుతో వీపుకు కట్టుకుంది. తూకం రోజు నుంచి సరిగా నిద్రపోయినట్టు లేదు. తలుపు దగ్గరే నిలబడి నెమ్మదిగా చెప్పింది.

"అక్కా, రేపు మావానికి చుక్కలు పోపిస్తా. మందు సీసా గూడా తెచ్చుకున్యా. నాకు ఈడ యెవురూ లేరు. పెద్దదానివి నువ్వొచ్చి పొయ్యల్ల."

నన్ను ఆ పనికి ఎవరూ పిలవరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పిలవలేదు. ఎందుకో రాస్తాను. ఆ ఏడు నెల రోజుల్లో ముగ్గురు బిడ్డలు పోయారు, రెండోది నా కూతురు. తొమ్మిది రోజుల పిల్ల. మందు ఓడ నలభై రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజున అప్పటి డాక్టరు కాళ్ళు పట్టుకుని, తర్వాత పుట్టిన బిడ్డకు జబ్బు రాకముందే మందు వేయమని ఏడ్చింది నేను. నా చేతే వేయించాడు. ఈ ఊళ్ళో మొదటి చుక్క నాది. ఆచారంగా మారాక మాత్రం, బిడ్డను పోగొట్టుకున్న చెయ్యి శుభానికి పనికిరాదని నన్ను మానేశారు. ఎవరూ ముఖాన అనలేదు, పిలవలేదు అంతే.

కాబట్టి ఆ పిల్ల అడిగినప్పుడు సరేనందామనే అనిపించింది. రాయకపోతే అబద్ధమవుతుంది. చెంచా పట్టుకున్నట్టు, వాడు నోరు తెరిచినట్టు కూడా ఊహించుకున్నాను.

రానన్నాను. తన గతి ఇంతేనన్నట్టు లింగేశ్వరి తల ఊపి వెనక్కి తిరిగింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. నీలం కాగితాలు, ఎర్ర కాగితాలు ముందర పరిచి, ఊళ్ళో ఐదుగురు బిడ్డల్లో ఏ తక్కువా లేని కడుపు నీ కొడుకుదొక్కటేనని చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. వాడు తక్కువ పెరగడం లేదు, పెరగవలసినంత పెరుగుతున్నాడు, మన కళ్ళకే ఆకలెక్కువైందని చెప్పాను. ఎర్ర కాగితం ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి మందు సీసా తీసి నా బల్ల మీద పెట్టింది.

ఇంకొక్క రోజైతే ఊళ్ళో ఉన్న ఒక్క విత్తనం కూడా నా చేత్తోనే పోయేది.

రోజు 223

హనుమక్క ఇంటికి పోయాను. వన్నూరమ్మ పాలిస్తోంది. ఎప్పుడూ ఆకలేనని, రొమ్ము వదలదని నాతో మెల్లగా అంది. హనుమక్క సంబరంగా కూర్చోమంది. అన్నప్రాసనకు పిలవడానికి తానే వద్దామనుకుంటోందట. చుక్కలకు పిలవని మనిషి అన్నానికి మాత్రం పిలుస్తుంది.

రఫీ చెప్పిందంతా చెప్పాను. మొదట నవ్వింది. లింగేశ్వరి కొడుకు పేరు ఎత్తేసరికి నవ్వు ఆపింది.

"సంజమ్మా, నా కొడుకు నోట్లో మొదటి చుక్క పోసింది నువ్వు గాదా? వాడు బతికినాడు. ఇప్పుడు వాని బిడ్డకు అదే చుక్క చెరుపంటాండావా?"

 ఆ బిడ్డ ఆమె కొడుకేనన్న సంగతి నాకు గుర్తుంది, ఆమెకు గుర్తుందనే తెలియదు. నా కూతురికి జబ్బు చేసింది, మందు అందలేదు, పోయింది. మందు అందితే బతికేదేమో, ఆ మాట ఇప్పటికీ అంటానని చెప్పాను. జబ్బు చేసిన బిడ్డకు మందు కావాలి. బుడ్డికి ఏ జబ్బుందని నెలకు ఇరవై ముగ్గురు పోశారు? నేను భయంతో మొదలుపెట్టాను, మీరు ముచ్చటకు పెంచారు, ఇద్దరిదీ తప్పేనన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. తూకం చూడమంది. ఊళ్ళో ఇంత పుష్టి బిడ్డ ఇంకెక్కడుందో చూపించమంది. అప్పుడు నాకు తట్టింది, మేము బిడ్డల్ని తూస్తాం గాని ఎప్పుడూ కొలవం. గాలి లెక్కకు బరువు చాలు, పొడవుతో ఎవరికీ పని లేదు. బయటికి పోయి లింగేశ్వరిని కొడుకుతో సహా పిలుచుకొచ్చాను. ఇద్దరు పిల్లల్నీ చాప మీద పక్కపక్కన పడుకోబెట్టాం. వన్నూరమ్మ బుడ్డి కాళ్ళు మెల్లగా చాపి పట్టుకుంది.

నా కొలత నమ్మదని హనుమక్కనే కొలవమన్నాను. జానతో కొలిచింది. బుడ్డి మూడు జానలకు ఇంకా నాలుగు వేళ్ళు తక్కువ. పిల్లోడు మూడు జానలకు రెండే వేళ్ళు తక్కువ. పది రోజులు చిన్నవాడు, రెండు వేళ్ళు పొడవు. మళ్ళీ కొలిచింది. మూడోసారి కొలుస్తుంటే పిల్లోడు ఆమె బొటనవేలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆమె లాక్కోలేదు.

అంతవరకూ అత్తగారి ముందు గట్టిగా మాట్లాడని వన్నూరమ్మ అప్పుడు నోరు తెరిచింది. "అత్తా, ఇంగ నా బిడ్డ నోట్లో ఒక్క చుక్క గూడా యెవురూ పొయ్యొద్దండి. డాక్టరు చెప్పినట్ల నేను చేస్తా."

రోజు 226

పుల్లోడి గుడ్డను అడగవలసింది ఎవరన్నది పెద్ద సమస్య అయింది. నన్ను తెమ్మంది హనుమక్క. నా గదికి వచ్చేవే అయినా అడక్కుండా తేనన్నాను. లింగేశ్వరి కూడా, ఆ మాట అనినామె వచ్చి అడగనీ అంది. తాడిచెట్టు ఎక్కినంత కష్టమైంది ఆమెకు పక్క వీధికి నడవడం. మూడు రోజులు పట్టింది.

ఈ పొద్దున పోయింది, నన్ను తోడు తీసుకుని. చేతిలో రాగి లడ్ల డబ్బా. లింగేశ్వరి పీట వేసింది. హనుమక్క కూర్చుని రాగుల దిగుబడి గురించి మాట్లాడింది. మొగుడు ఎప్పుడొస్తాడని అడిగింది. పైన దుమ్ము ఎక్కువగా ఉందంది, అది ఈ గ్రహం పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది. చివరికి గోడకు చెప్పుకున్నట్టు అడిగింది.

"మీవాడు పొద్దున దొడ్డికి పోయినాడా?"

"పోయినాడు. యెందుకు పెద్దమ్మా?"

హనుమక్క నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను. అరవై ఏళ్ళ మనిషి, మూడు వందల మందికి వడ్డించే మనిషి, చంటిబిడ్డ గుడ్డ అడగడానికి నోరు రాక చెమటలు కక్కింది. లింగేశ్వరి కాసేపు ఆ చెమట చూసింది. తొందరపడలేదు, నేనైనా పడేదాన్ని కాదు.

"మావాణ్ని పదిమందిలో పుల్లోడంటివి గదా పెద్దమ్మా."

"అంటి," అంది హనుమక్క. "నా నోటికి బుద్ధి లేదు. నా మనవరాలికి పెట్టు తల్లీ."

లింగేశ్వరి లోపలికి పోయి గుడ్డ తెచ్చింది. శుభ్రంగా మడిచి, పైన ఇంకో తెల్లగుడ్డ చుట్టి పొద్దుననే సిద్ధంగా పెట్టుకుంది. హనుమక్క రెండు చేతులా అందుకుంది. దాన్ని నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు, వీధి పొడవునా తానే మోసుకొచ్చింది. ఎదురొచ్చినవాళ్ళు ఏం ప్రసాదమని అడిగారు.

రోజు 238

అన్నప్రాసన ముహూర్తాన్ని హనుమక్క తానే మళ్ళీ పాత తేదీకి జరిపింది. చుట్టాలకు కారణం చెప్పలేదు. పంతులు పొరబడ్డాడంది, పాపం ఆయన నోరు మెదపలేదు.

రఫీ ఆ గుడ్డలోంచి కావలసిన జీవుల్ని వేరుచేసి, చెడ్డవి లేవని రెండుసార్లు చూసుకుని, అద్దాల పెట్టెలో పెంచాడు. ఎవరి మలమూ ఎవరి నోట్లోకీ నేరుగా పోలేదని ఊరంతా తిరిగి చెప్పుకోవలసి వచ్చింది వాడికి. ఎనిమిది రోజులుగా వన్నూరమ్మ ఆ జీవుల్ని తన పాలలో కలిపి బుడ్డికి పడుతోంది. నేను రోజూ కాగితం అద్దుతున్నాను. నీలం, నీలం, నీలం. హనుమక్క రోజూ వచ్చి చూసి పోతోంది. ఇవాళ అయితే, కాగితాన్ని నేను సరిగా అద్దడం లేదేమోనని తానే అద్దింది. అదీ నీలమే.

తొందరపడవద్దని ఆమెకు చెప్పాను. నాకు నేనూ చెప్పుకుంటున్నాను. ఈ మధ్య బకెట్ల లెక్క తప్పుతున్నాను.

రోజు 251

తొమ్మిదో ఇంట్లో కొత్త బిడ్డకు ఐదో రోజున జ్వరం వచ్చింది. రఫీ పరీక్ష చేసి, ఈ బిడ్డకు మందు కావాలన్నాడు. ఆ ఇంటివాళ్ళు భయపడి నా వైపు చూశారు, ఇన్నాళ్ళూ చుక్కలు వద్దని తిరిగినదాన్ని నేనే కదా. వెంటనే వేయమన్నాను. చుట్టాలు తలుపు బయటే నిలబడ్డారు. రఫీ ఒక్కడే, కొలిచి, ఆరు చుక్కలు వేశాడు. మూడో రోజుకు జ్వరం తగ్గుతుందన్నాడు. తగ్గేదాకా నాకు కంటి మీద కునుకు ఉండదు.

రోజు 262

తొమ్మిదో ఇంటి బిడ్డ బాగుంది.

బుడ్డి కాగితం ఎర్రబడింది. ముందు అంచు మాత్రమే, ఎరుపని ఒట్టేసి చెప్పలేనంత. అది రోజు 255. తర్వాత రోజు ఇంకొంచెం. ఇవాళ ఇంకొకటి అద్దే పని లేకుండా మొత్తం ఎర్రబడింది. గుడ్డ పసుపుపచ్చగా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఈ గదిలో ఉన్నాను, ఒక గుడ్డను చూసి ఏడవడం ఇదే మొదలు.

రఫీ సంతోషించాడు గాని తన జాగ్రత్తలో తానున్నాడు. ఊరు నిండింది, ఒళ్ళు కొత్త పాఠం నేర్చుకుందా లేదా అన్నది బుడ్డికి పదేళ్ళొస్తే గాని తెలియదన్నాడు. సమయానికి అందామనే అనుకుంటున్నాడట. ఇక నుంచి తూకం రోజున పొడవు కూడా కొలవాలని సంఘానికి రాశాడు. పోయిన తూకంలో బుడ్డి నాలుగో స్థానానికి వచ్చింది. హనుమక్క వెనక వరసలో కూర్చుని చివరి గరిటె పాయసం తిన్నది. పాయసం పల్చగా ఉందని వంక పెట్టింది, వండించింది తానేనని మరిచిపోయి.

సాయంత్రం నా గదికి వచ్చి ఒక సందేహం అడిగింది. లింగేశ్వరి కొడుకు కడుపులోవి ఇప్పుడు తన మనవరాలి కడుపులో కాపురం పెట్టాయి. తల్లి ఇవ్వవలసినవి వాడిచ్చాడు. అలాంటప్పుడు వాడు తమకు ఏమవుతాడని.

నాకు తెలియదన్నాను. చిట్టాలో అటువంటి వరుస లేదు.

"మనవడైతాడు. ఇంగేమైతాడు," అని తానే తేల్చేసి పోయింది.

రోజు 271

ఈ పొద్దున గోల విని వీధిలోకి వచ్చాను. హనుమక్క చుట్టాలు ఇరవై ముగ్గురూ మంచి బట్టలు కట్టుకుని లింగేశ్వరి ఇంటి ముందు వరస కట్టి ఉన్నారు. కుర్చీలు వేశారు. కొత్త మనవడికి వేడుక ఏదీ జరగలేదని హనుమక్క పిలిపించిందట. చుక్కల కోసమే అనుకున్నాను. ఇరవై మూడు చెంచాలు, ఊరికి విత్తనమిచ్చిన ఒక్క కడుపు. చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"చెంచాలు లేవు, చూడు," అంది హనుమక్క. అందరూ ఖాళీ చేతులు చాపి చూపించారు. "తలా ఒకసారి బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. అంతే. నీ పెంటగది పుస్తకంలో దానికేమన్నా అడ్డముందా?"

లేదన్నాను. పక్కకు జరిగాను. మేనమామ లేని పిల్లోడికి ఏడుగురు మేనమామలు తేలారు. ఒక్కొక్కరూ కుర్చీలో కూర్చోవడం, వాణ్ణి ఒళ్ళో పెట్టుకోవడం, తలొక దీవెన. వన్నూరమ్మ బుడ్డితో సహా కూర్చుని ఇద్దర్నీ రెండు తొడల మీద పెట్టుకుంది. లింగేశ్వరి తలుపు పట్టుకుని నిలబడింది. వాళ్ళ వరస చూస్తూ ఒక్కొక్కరినీ ఏమని పిలవాలో హనుమక్కను అడుగుతోంది, చెప్పింది చెప్పినట్టు నోట్లో అనుకుంటోంది.

ఇరవై మూడోవాడు లేచాక నేను బకెట్ల దగ్గరికి పోబోయాను. హనుమక్క నా రెక్క పట్టుకుంది. చేతులు కడుక్కుని రమ్మంది. ఇంతమంది ముందు నాకెందుకన్నాను. మొదటి చుక్క పోసిన చెయ్యి లేకుండా ఇది పూర్తి కాదని ఆమె గట్టిగానే అంది, వీధిలో అందరికీ వినపడేటట్టు.  లింగేశ్వరి నీళ్ళు పోసింది, నేను మోచేతుల దాకా కడుక్కున్నాను.

కుర్చీలో కూర్చున్నాను. వాణ్ణి నా ఒళ్ళో పెట్టారు. బరువు తెలియడం లేదు గాని వెచ్చగా ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఒక బిడ్డ తల నా చేతి మీద ఆనింది. దీవెన ఏదో అనాలి, నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. వాడు నా ముఖంలోకి చూశాడు, కొంచెం ముక్కాడు, ఎర్రబడ్డాడు. తర్వాత నా చీర నిండా వేడిగా, పసుపుపచ్చగా పని కానిచ్చాడు.

వీధి వీధంతా నవ్వింది. లింగేశ్వరి అయ్యో అంటూ గుడ్డ కోసం పరుగెత్తింది. నేను లేవబోతుంటే జనంలోంచి రఫీ కేక పెట్టాడు, కదలవద్దని, తుడవవద్దని, మిగిలిన పిల్లలకు కూడా పనికొస్తుందని. డబ్బా కోసం వాడు పోయి వచ్చేదాకా, పుల్లోణ్ణి రెండు చేతులా పట్టుకుని, నేను కదలకుండా కూర్చున్నాను.